ఒక్కరికి కట్టిన క్యారియరు: తెనాలి నుంచి రేపల్లె మీదుగా బాపట్ల

మా నలుగురు అక్కచెల్లెళ్లలో నేను పెద్దదాన్ని. ఇంట్లో ఏ తగువైనా తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తుంది. ఫిబ్రవరిలో ఒక ఆదివారం గుడి నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే మూడో చెల్లెలు కరుణ విశాఖపట్నం నుంచి ఫోన్ చేసింది. వాళ్ల అబ్బాయి అభిషేక్‌కి ఇరవై ఏళ్లు. మాది తాతల నాటి నుంచి లూథరన్ కుటుంబం. వీడు మాత్రం కాలేజీ స్నేహితుల వెంట, బైబిలుతో పాటు మోర్మన్ గ్రంథమనే ఇంకో పుస్తకాన్నీ నమ్మే మోర్మన్ల సంఘానికి వెళ్లాడు. అక్కడే బాప్తిస్మం తీసుకున్నాడు. డిగ్రీ మధ్యలో ఆపి, రెండేళ్ల సువార్త సేవకని బయలుదేరాడు. ఎనిమిది నెలలుగా బాపట్లలో ఉంటున్నాడు. ఇంటికి ఫోను సోమవారాలు మాత్రమే. తెనాలికి గంట దూరంలో ఉండి కూడా ఒక్కసారి నా గడప తొక్కలేదు.

"అక్కా, వాణ్ని ఎవరో పట్టి ఉంచారు. ఫోన్ చేసినప్పుడల్లా పక్కన ఇంకొకడు ఉంటాడు. నా కొడుకుతో నేను ఒంటరిగా మాట్లాడి ఎన్నాళ్లయిందో," అంది కరుణ.

"సరే, రేపు వెళ్లి చూసొస్తాను."

"చూసి రావడం కాదు, తీసుకొచ్చెయ్. నేను ఆస్పత్రిలో ఉన్నానని చెప్పు. పరిగెత్తుకుంటూ వస్తాడు."

"నీకేమైందే?"

"ఏమీ కాలేదు. అయినా చెప్పు. నువ్వు చెబితే నమ్ముతాడు. నువ్వెప్పుడూ అబద్ధం చెప్పవుగా."

వాడి గది చిరునామా రాసుకుని ఫోన్ పెట్టేశాను. ఆ సాయంత్రం మోకరించి, ఆ మాట చెప్పాలా వద్దా అని చాలాసేపు దేవుణ్ని అడిగాను.  తెల్లవారుజామున లేచి కోడికూర, గోంగూర పచ్చడి చేసి మూడు గిన్నెల క్యారియరు సర్దాను. ఒక్కరికి సరిపడా. ఆ పక్కవాడికి నేనెందుకు వండాలి? ఫ్లాస్కులో కాఫీ పోశాను. వీళ్లు కాఫీ, టీ ముట్టరట. చంటివాడిగా ఉన్నప్పటి నుంచీ నా గ్లాసులో సగం కాఫీ తాగిన పిల్లాడు ఇప్పుడు ఏమంటాడో చూద్దామని.

తెనాలి నుంచి బాపట్లకు రైలు నేరుగా ఉంది. నేను ముందు రేపల్లె వెళ్లాను. స్టేషను రోడ్డులో బట్టలు కుట్టే సుశీలమ్మ అనే ఆవిడ ఇంట్లో ప్రతి గురువారం భోజనం చేస్తామని వాడు తల్లితో చెప్పాడు. అది నిజమో కాదో తెలుసుకుని అప్పుడు వాడి ముందు నిలబడదామనుకున్నాను. ఉదయం ఏడు లోపే ప్యాసింజరు ఎక్కాను. వేమూరు, భట్టిప్రోలు దాటుకుంటూ గంటకు పైగా పట్టింది. టికెట్టు ధర ఒక కప్పు కాఫీ కంటే ఎక్కువ కాదు. ఎడమ కిటికీ దగ్గర కూర్చోండి. వరి కోసిన మళ్లలో మినుము పచ్చగా పరుచుకుని ఉంటుంది. నేను మాత్రం కళ్లు మూసుకుని, చెప్పమన్న మాటను మనసులో అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను.

రేపల్లె రైలు మార్గానికి చివర. దిగి పది నిమిషాలు నడిస్తే సుశీలమ్మ ఇల్లు. వసారాలో కుట్టు మిషను ముందు కూర్చుని ఉంది. వయసు నా అంతే. నేను వాడి పెద్దమ్మనని చెప్పగానే మిషను ఆపి స్టూలు జరిపింది.

"తెల్లచొక్కా పిల్లలేగా అక్కయ్యగారూ? గురువారం గురువారం వస్తారు. మా అబ్బాయి వాళ్ల ప్రార్థనకి వెళ్తాడు లెండి. వాడు ఇంట్లో లేకపోతే మాత్రం వీళ్లు గడప దాటరండి. ఆడమనిషి ఒక్కతే ఉంటే లోపలికి రాకూడదంట. వాన పడుతున్నా అరుగు మీదే కూర్చుంటారు."

"తిండి తింటారా?"

"తినకేం! టీ మాత్రం తాగరు. ఒకణ్నొకడు వదిలిపెట్టరు చూడండి, అదే నాకు విడ్డూరం. ఒకడు దొడ్లోకి వెళ్తే రెండోవాడు అరుగు మీద నిలబడి ఉంటాడు. జైల్లో కూడా అంత కాపలా ఉండదండి!" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

లేవబోతుంటే ఆవిడ గొంతు తగ్గించింది. "మొన్న నవంబరు వానల్లో ఒకడు ఇదిగో, ఇక్కడే కూర్చుని ఏడ్చాడండి. తువ్వాలు మొహానికి కప్పుకుని. తర్వాత ఇద్దరూ భోజనం కూడా చెయ్యకుండా స్టేషనుకి వెళ్లారు."

"ఎవరు ఏడ్చింది? మావాడేనా?"

"ఏమోనండి. నేను కుండపోతలో గేటు దగ్గర్నుంచి చూశా. తెల్లచొక్కాలు, నల్లప్యాంట్లు, ఇద్దరూ ఒకేలా ఉంటారు."

ఇక నాకు సందేహం లేకపోయింది. మావాడు ఏడ్చాడు. స్టేషనుకి పారిపోయాడు. రెండోవాడు వెనకే వెళ్లి పట్టుకొచ్చాడు.

రేపల్లె బస్టాండులో చెరుకుపల్లి, పిట్టలవానిపాలెం మీదుగా వెళ్లే బాపట్ల బస్సు దొరుకుతుంది. గంటన్నర, కాస్త అటూ ఇటూ. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు. క్యారియరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే కండక్టరు, "ఏంటమ్మా, హాస్పిటల్లో ఎవరన్నా ఉన్నారా?" అని అడిగాడు. ఉలిక్కిపడ్డాను. "లేదు బాబూ," అన్నాను. కరుణ చెప్పమన్న అబద్ధం నా మొహం మీద కనిపిస్తోందేమోనని కొంగుతో తుడుచుకున్నాను.

బాపట్లలో దిగేసరికి పన్నెండు దాటింది. వాళ్ల గది ఒక మేడ మీద. కింద నుంచి చూస్తే దండెం నిండా తెల్లచొక్కాలే. మెట్లెక్కుతుంటే అభిషేక్ చేతిలో బకెట్టుతో ఎదురయ్యాడు. మోకాళ్లదాకా మడిచిన ప్యాంటు, తడి టీషర్టు. కాస్త చిక్కాడు. "పెద్దమ్మా!" అని బకెట్టు దించి మెట్ల మీదే నన్ను పట్టుకున్నాడు. వాడి భుజం మీద నుంచి చూస్తే గుమ్మంలో పొడుగాటి కుర్రాడు ఇంకొకడు చేతులు తుడుచుకుంటున్నాడు. కోయంబత్తూరు వాడు, పేరు సెల్వం. చొక్కా వేసుకోగానే నల్లటి బిళ్ల తగిలించుకున్నాడు. దాని మీద పేరుకు ముందు ఎల్డర్ అని ఉంది. మా గుడిలో సంఘపెద్ద అనిపించుకోవాలంటే తల నెరవాలి. ఈ పెద్దలకు ఇంకా మీసాలే సరిగ్గా రాలేదు.

అభిషేక్ నన్ను గదిలోకి రానివ్వలేదు. ఆడవాళ్లు రాకూడదట. పెద్దమ్మ కూడా. పైగా నాతో బయటికి రావాలంటే వాళ్ల నాయకుడికి ఫోన్ చేసి అడగాలన్నాడు.

"నాతో అన్నం తినడానికి పర్మిషనా?"

"అంతే పెద్దమ్మా. చుట్టాలుంటే అడగాలి. అందుకే తెనాలి రాలేదు." ఫోన్ చేసి వచ్చాడు. "సాయంత్రం అయిదింటిదాకా పర్వాలేదన్నారు. సూర్యలంక వెళ్దామా? ఇవాళ మాకు సెలవు. కానీ ఇద్దరం వస్తాం."

ఇద్దరూ వస్తారని నాకు అప్పటికే తెలుసు.

సూర్యలంక సముద్రతీరం బాపట్లకు తొమ్మిది కిలోమీటర్లు. రానూపోనూ, అక్కడ ఆగడంతో కలిపి ఆటో నాలుగు వందలకు మాట్లాడుకున్నాం. డ్రైవరుకు వీళ్లు తెలిసినవాళ్లే. "ఈళ్లని నేనెప్పుడూ విడిగా చూళ్లేదమ్మా. ఒకణ్ని ఎక్కించుకుంటే రెండోవాడు ఫ్రీ," అన్నాడు. ఆదివారాలు గుంటూరు, తెనాలి జనంతో అక్కడ కాలు పెట్టే చోటుండదు. సోమవారం కాబట్టి సరుగుడు చెట్ల కింద మేమూ, వలలు బాగు చేసుకునే నలుగురు జాలర్లూ తప్ప ఎవరూ లేరు. విశాఖలో సముద్రంలో పడి ఈదిన పిల్లాడు బూట్లు కూడా విప్పలేదు. ఈత వాళ్లకు నిషేధమట. నా మనసులోని లెక్కలో ఇంకొకటి చేరింది.

క్యారియరు విప్పాను. అభిషేక్ అందులోకి చూశాడు. మూత తిరగేసి అందులో సగం అన్నం, సగం కూర పెట్టాడు. ఉన్న రెండు ముక్కల్లో పెద్దది అటు వేసి సెల్వానికిచ్చాడు. నాకు చెవులు వేడెక్కాయి. సెల్వం గోంగూర నాలుకకు రాసుకుని, "పెద్దమ్మా, ఇది మా ఊర్లో పుళిచ్చకీరై. మా అమ్మమ్మ చేస్తుంది," అన్నాడు. తెలుగు నేర్చుకుని మాట్లాడుతున్నాడు, మాట మాటకూ ఆగి.

కాఫీ పోసి అభిషేక్ ముందు పెట్టాను. వాసన చూసి నవ్వి, గ్లాసు రెండు చేతులతో నాకే తిరిగి ఇచ్చాడు. "నువ్వు తాగు పెద్దమ్మా. చూస్తా కూర్చుంటా."

రోజు ఎలా గడుస్తుందని అడిగాను. ఆరున్నరకు లేవడం, కాసేపు కసరత్తు, చదువు, ప్రార్థన. పిలిచిన ఇళ్లకే వెళ్లడం, రాత్రి తొమ్మిది లోపు గదికి చేరడం. చాలామంది రమ్మంటారు, వెళ్తే తాళం ఉంటుంది. "తాళం చూసి కోపం తెచ్చుకోకపోవడం నేర్చుకోడానికి నాలుగు నెలలు పట్టింది," అన్నాడు. వారానికొకసారి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒకరి తప్పు ఒకరు మొహం మీద చెప్పుకోవాలట.

"ఏం తప్పులు?"

"నేను నిద్రలో పళ్లు కొరుకుతానంట. అతను సాంబారులో బెల్లం వేస్తాడు," అన్నాడు. సెల్వం, "బెల్లం తప్పు కాదు," అన్నాడు గట్టిగా.

ఇక నేను వచ్చిన పని చూసుకోవాలి. సెల్వం చేతిలో యాభై రూపాయలు పెట్టి, "బాబూ, అక్కడ మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నారు, తీసుకురా," అన్నాను. సెల్వం లేచాడు. అభిషేక్ కూడా లేచాడు. నా ఉపాయం ఇద్దరికీ అర్థమైనట్టుంది. సెల్వం డబ్బు నాకే ఇచ్చి, ఇరవై అడుగుల దూరం నడిచి సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. మాట వినపడదు, మనిషి కనపడుతూనే ఉన్నాడు.

"రేపల్లెలో ఎందుకు ఏడ్చావురా?" అన్నాను.

వాడు తెల్లబోయాడు. "ఏడ్చింది నేను కాదు పెద్దమ్మా. అతను."

నవంబరులో సెల్వానికి వాళ్ల మామయ్య ఫోన్ చేశాడట. అమ్మమ్మకు సీరియస్, వెంటనే బయలుదేరు అని. వాణ్ని పెంచింది ఆ అమ్మమ్మే. అరుగు మీద ఏడ్చి, స్టేషనుకి వెళ్లాడు. ఒకరినొకరు ఒంటరిగా వదలకూడదన్న నియమం ప్రకారం అభిషేక్ వెంట వెళ్లాడు. బల్ల మీద కూర్చుని, రైలు వచ్చేలోపు ఎలా ఉందో కనుక్కుందామని సెల్వం ఇంటికి ఫోన్ చేశాడు.

"అమ్మమ్మే ఎత్తింది. అన్నం తిన్నావా అని అడిగింది. ఆవిడకు ఏమీ కాలేదు. వీణ్ని రప్పించడానికి మామయ్య అలా చెప్పాడు."

"మరి నువ్వేమన్నావు?"

"ఏమనాలో తెలీలేదు. పక్కన కూర్చున్నా. రెండు రైళ్లు వచ్చి తిరిగి వెళ్లిపోయాయి. అతను ఎక్కుతానంటే ఎక్కించేవాణ్నే. చీకటి పడ్డాక తనే లేచి, గదికి పోదాం అన్నాడు. అప్పట్నుంచి ఇంటి మాట నమ్మడు పెద్దమ్మా. సోమవారం వీడియోలో అమ్మమ్మ నడిచి చూపించాలి. నాకు అదే భయం. రేపు నిజంగానే ఏదన్నా అయితే?"

నేను సముద్రం వైపు చూశాను. గుంటూరు హాస్టల్లో చదువుతుండగా నాన్న నాకొక టెలిగ్రాం ఇచ్చారు. మదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ. ఏడుస్తూ ఇల్లు చేరితే అమ్మ గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. పెళ్లిచూపులు. అప్పట్లో అన్ని ఇళ్లల్లోనూ అదే పద్ధతి, ఎవరూ తప్పనుకోలేదు. పదేళ్ల తర్వాత అలాంటి కబురే మళ్లీ వచ్చింది. పొద్దున బస్సుంది. నేను సాయంత్రం బస్సుకి వెళ్లాను. ఆ కబురు నిజం, నేను చేరేసరికి అమ్మ లేదు.

"అమ్మ బాగుందా?" అన్నాడు వాడు. "నువ్వు చెప్పకుండా వచ్చేసరికి ఏదో అయిందనుకున్నా. ఇందాకట్నుంచి అడగలేక చస్తున్నా."

కరుణ చెప్పిన మాట నాలుక చివరే ఉంది. ఆ ఒక్క మాట చాలు, వాడు ఆ క్షణమే నాతో బయలుదేరతాడు.

"బాగుంది. బీపీ కూడా లేదు," అన్నాను. "నిన్ను తీసుకురమ్మంది. వస్తావా?"

"ఇంకా పదహారు నెలలుంది పెద్దమ్మా."

"మీ పుస్తకాన్ని నేను ఒప్పుకోను."

"తెలుసు."

"చదువు?"

"వచ్చి పూర్తి చేస్తా."

"మాటిస్తావా?"

"నీకిచ్చాక తప్పితే బతకనిస్తావా?" అని నవ్వాడు. ఆ నవ్వు మా కరుణదే.

అయిదింటికి గది దగ్గర దించి, నేను స్టేషనుకి వెళ్లి నిడుబ్రోలు మీదుగా తెనాలి వెళ్లే రైలెక్కాను. ముప్పావుగంట ప్రయాణం. కరుణకు ఫోన్ చేసి, రాలేదని చెప్పాను. "నేను చెప్పమన్నది చెప్పలేదా?" అని అరిచింది. లేదన్నాను. "ఎందుకని?" అంది. "నీకు నిజంగా జబ్బు చేసిన రోజు వాడు పొద్దున బస్సుకే రావాలి," అన్నాను.  అమ్మకోసం నేను ఏ బస్సుకి వచ్చానో దానికి తెలుసు.

నా అనుమానాలన్నీ తీరాయని చెప్పను. పెద్దమ్మతో అన్నానికి అనుమతి అడిగే పద్ధతి నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. వాడి కోసం చేసే ప్రార్థనలో వాణ్ని తిరిగి మా గుడికి చేర్చమనే అడుగుతున్నాను. కాపలా అనుకున్నదాంట్లో కొంత తోడు కూడా ఉందని మాత్రం చూసొచ్చాను. వాడు నన్ను నమ్ముతాడు. అది చెడగొట్టుకోకుండా ఇల్లు చేరాను, ఆ రోజుకు నాకు అది చాలు.

మీ పిల్లలెవరైనా ఇలాంటి సేవలో ఉండి చూడ్డానికి వెళ్తుంటే సోమవారం వెళ్లండి, ముందుగా చెప్పి వెళ్లండి. ఫ్లాస్కులో కాఫీ వద్దు, రాగిజావ పోసుకోండి. క్యారియరు ఇద్దరికీ కట్టండి.