వాకిట్లో ముగ్గు

పామర్రు దగ్గర మా చిన్న సంఘంలో ఆమెను అందరం పెద్దమ్మ అనే పిలిచేవాళ్ళం. క్రిస్మస్ దగ్గరపడితే చర్చి నేల అలికేది ఆమే. ప్రసంగం వింటున్నప్పుడు కూడా బొటనవేలూ చూపుడువేలూ కలిపి, చాప మీద లేని ముగ్గు ఒకటి వేస్తూ ఉండేది. ఎందుకని అడిగితే, "వచ్చేవాళ్ళకి ఇల్లు తెలియొద్దంట్రా?" అని నవ్వేది.

యుద్ధకాలంలో ఒకసారి, క్రిస్మస్ ముందురోజు పొద్దున చర్చి గుమ్మం ముందు నిజంగానే ముగ్గు వేసింది. కొత్తగా సంఘపెద్దనైన నాకు ఒళ్ళు మండింది. ధనుర్మాసపు ముగ్గులు మనకేమిటని, పాస్టరు గారు వచ్చేలోగా దాని మీద బిందెడు నీళ్ళు కుమ్మరించాను.

"ఏ దేవతకి వేశావు పెద్దమ్మా?"

"రేపు పుట్టే బాబుకేరా. ఇంకెవరొస్తారు?"

పిండి చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం పాటలు పాడుతూ ఇంటింటికీ తిరిగాం. కిరసనాయిలు కరువై, ఆమె ఉండే వీధిలో గుడిసెలన్నీ మసక చీకట్లో ఒక్కలాగే ఉన్నాయి. ఒక్క వాకిట్లోనే తెల్లగా ముగ్గు కనిపించింది. గుమ్మంలో పెద్దమ్మ అరిసెల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది.

"ఆగుదామా అన్నా?" అన్నాడు కంజిర వాయించే కుర్రాడు.

"నడవండ్రా" అన్నాను.

తర్వాత ఆమె చర్చికి రాలేదు. పాత దేవుళ్ళ దగ్గరికి వెళ్ళిపోయిందని మావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అది అబద్ధం. ఆమె ఎక్కడికీ పోలేదు, తన గుమ్మంలోనే నిలబడింది. ఆ ఇల్లు మాకు తెలిసింది. తెలిసే దాటి వచ్చాం.