తెల్ల గ్లౌజుల హిసామత్సు గారు

హిసామత్సు గారు ప్రపంచంలో దేన్నీ ఉత్తచేతులతో ముట్టుకోరు. తెల్ల గ్లౌజులు ఉండాల్సిందే. నూడిల్స్ తిన్నా అవే, పెళ్ళికెళ్ళినా అవే. ఒకసారి వేడినీళ్ళ స్నానశాలలో కనబడ్డారు. ఒంటిమీద ఇంకేమీ లేదు, గ్లౌజులు మాత్రం ఉన్నాయి.

జపాన్‌లో మా సుకుబా ఊళ్ళో టాక్సీవాళ్ళవీ తెల్ల గ్లౌజులే. దాంతో ఒకరోజు స్టేషన్ దగ్గర ఒక అవ్వ ఆయన సొంత కారెక్కి, "ఆసుపత్రికి పోనియ్ నాయనా" అంది. ఆయన పోనిచ్చారు. అప్పట్నుంచి ప్రతి మంగళవారం అవ్వకి ఆయనే టాక్సీ.

"టాక్సీ కాదని చెప్పొచ్చు కదండీ?" అన్నాను.

"ఎలా చెప్పనయ్యా? అప్పటికే సీటుబెల్టు పెట్టేసుకుంది."

"మరి డబ్బులివ్వబోతే?"

"మీటరు చెడిపోయిందంటున్నా."

ఈ గ్లౌజులకి మూలం మేం పనిచేసే పరిశోధనశాలలో తయారయ్యే రాగి గొట్టం. దాని లోపల వరసగా చిన్న చిన్న గదులుంటాయి. వాటిలోకి రేడియో తరంగాలు పంపితే ఎలక్ట్రాన్లు ఆ ఊపుకి దూసుకుపోతాయి. ఆ గదుల రూపం గీయడంలో హిసామత్సు గారిని మించినవాళ్ళు లేరు. కానీ లోపలి గోడకి వేలి జిడ్డు కాస్త అంటినా నిప్పురవ్వ లేస్తుంది, గొట్టం పాడవుతుంది.

కొన్నేళ్ళ కిందట అదే జరిగింది. గొట్టం కోసి చూస్తే ఒక గది గోడ మీద మాడిపోయిన బొటనవేలి ముద్ర! డైరెక్టరు శిరహామా గారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు.

"ఎవరిదీ వేలు? ఆ మనిషి మళ్ళీ రాగి ముట్టడానికి వీల్లేదు!"

"నాదేనండీ," అన్నారు హిసామత్సు గారు.

డైరెక్టరు ఇరుకున పడ్డారు. ఈయన్ని పంపేస్తే గొట్టాలు గీసేదెవరు? "ఇకమీదట గ్లౌజుల్లేకుండా నా కంటపడ్డారో!" అని ఊరుకున్నారు. ఈయన దాన్నే వేదవాక్కులా పట్టుకున్నారు. కోసిన ముక్కని వరండాలో గాజుపెట్టెలో పెట్టాం. వచ్చినవాళ్ళు దాన్నీ, ఆయన గ్లౌజుల్నీ చూసి నవ్వుకునేవాళ్ళు.

ఈ వసంతంలో షిగెనో అనే అమ్మాయి సొంతంగా గీసిన మొదటి గొట్టం పరీక్షకొచ్చింది. ఆ పాత గొట్టం పాడైన నాటికి ఆమె కొత్తగా చేరిన పిల్ల, హిసామత్సు గారి శిష్యురాలు. రవ్వ లేస్తే ఆమె నమూనా అటకెక్కుతుందని డైరెక్టరు ముందే చెప్పేశారు. శక్తి పెంచే మీట నా చేతిలో ఉంది, సగం దాకా జరిపి ఆగిపోయాను.

"ఇంకా పెంచనా?"

"పెంచవయ్యా, గొట్టం నీకంటే ధైర్యంగా ఉంది," అన్నారు హిసామత్సు గారు.

పెంచాను. రవ్వ లేదు. మా పాత గొట్టాలన్నిటినీ దాటేసింది, అయినా రవ్వ లేదు! గది దద్దరిల్లేలా అరిచాం. వంగి నమస్కరించడం తప్ప ఎరగని డైరెక్టరు నన్ను వాటేసుకున్నారు.

వరండాలో గాజుపెట్టె పక్కనే సాకే అనే బియ్యపు సారా చిన్న గిన్నెల్లో పోసుకున్నాం. షిగెనో కళ్ళు తుడుచుకుంటూ, "గురువుగారూ, ఇక అవి తీసేయండి" అంది. ఆయన మొహమాటపడుతూ తీశారు.

ఆయన బొటనవేలు కందగడ్డంత ఉంది. గాజుపెట్టెలో ముద్ర చింతగింజంత. గిన్నె పట్టుకున్న షిగెనో వేలు సరిగ్గా చింతగింజంతే. అందరం గతుక్కుమన్నాం. ఆ ముసలాయన మీద నాకు ప్రేమ పొంగుకొచ్చింది.

డైరెక్టరు పెట్టెనీ వేలినీ మార్చి మార్చి చూశారు. షిగెనో నోరు తెరవబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపి, "హిసామత్సు గారూ, మీ వేళ్ళు బాగా లావెక్కాయే!" అన్నారు.

"గ్లౌజుల్లో గాలాడక ఉబ్బాయండీ."

"అయితే ఇక వేసుకోకండి," అని హిసామత్సు గారి గిన్నె నింపారు.

మర్నాడు మంగళవారం. ఉత్తచేతుల డ్రైవరుని చూసి స్టేషన్ దగ్గర అవ్వ చెయ్యెత్తలేదట. హిసామత్సు గారు కారాపి, జేబులోంచి గ్లౌజులు తీసి తొడుక్కున్నారు. అవ్వ వెంటనే ఎక్కి కూచుంది.