రెండు ఎర్రకుంటలు

ఇన్నేళ్లుగా ఒక ఊరిని మింగి కూర్చున్నాను. అరగదు, కక్కుకోలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే సంగతి ఇంత దాకా వచ్చేదే కాదు.

తెలంగాణ ఉద్యమం రోజులవి. నేను మహబూబాబాద్‌లో పంతులమ్మను. సమ్మెతో బడులు మూతపడ్డాయి. పొద్దున టెంటు కింద నినాదాలు, మధ్యాహ్నం ఇంట్లో కంప్యూటర్. ఎవరైనా రాయగలిగే, ఎవరైనా దిద్దగలిగే ఒక ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో మారుపేరుతో పనిచేసేదాన్ని. ఒకే పేరున్న పేజీలను చక్కదిద్దడం నా వంతు. రెండు ఊళ్లకు ఒకే పేరుంటే పక్కన మండలం పేరు చేర్చాలి, ఏది ఎక్కడుందో చూపే చిన్న పేజీ ఒకటి పెట్టాలి. ఒకే ఊరి మీద ఇద్దరు రాసి ఉంటే రెంటినీ కలిపేయాలి. ఏది ఏమిటో తేలాలంటే రాసినవాళ్లను అడగాలి, జవాబు వచ్చేదాకా ఆగాలి. నాకు ఆగడం చేతకాదు. "ఎంత చకచకా చేస్తున్నారండీ" అని అందరూ మెచ్చుకుంటుంటే అసలే చేతకాలేదు.

ఎర్రకుంట అని ఒక పేజీ ఉంది. బచ్చన్నపేట వైపు ఊరు. అదే పేరుకు చివర గ్రామం అని చేర్చి ఇంకో పేజీ కొత్తగా వచ్చింది. రెండింటిలోనూ వరంగల్ జిల్లా అనే ఉంది. అప్పటికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అన్నీ ఆ ఒక్క జిల్లాలోనివే. ప్రభుత్వ జాబితా చూశాను. ఒకటే ఎర్రకుంట ఉంది. ఇంకేం, రెండోదాన్ని తీసి మొదటిదాంట్లో కలిపేశాను. రెండోది లంబాడీ తండా. తండాలను పెద్ద ఊరి కింద లెక్కగడతారని, జాబితాలో వాటికి సొంత పేరు ఉండదని నాకు తెలియదా? తండా పిల్లలకు అక్షరాలు దిద్దించినదాన్ని, తెలియకేం! ఆ పేజీలో తీజ్ పండుగకు ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచే సంగతి ఉంది. రెండు వాక్యాలు చదివినా అది తండా అని తెలిసేది. చదవలేదు. వారం తిరగకముందే బచ్చన్నపేట వైపు వాళ్లెవరో "ఇది మా ఊరి సంగతి కాదు" అని ఆ వాక్యాలన్నీ కొట్టేశారు. నిజమే కదా, వాళ్ల ఊరిది కాదు మరి.

ఆ తండా పేజీ రాసింది బాలు. బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు అతనిది. వాళ్ల నాయనమ్మ లంబాడీలో చెబుతుంటే, తండా ఎట్లా వెలిసిందో తెలుగులో నోటుబుక్కులోకి ఎక్కించుకుని, గిరాకీ లేనప్పుడు కొంచెం కొంచెంగా టైపు చేసేవాడట. ఈ సంగతంతా ఒక రోజు అతను చెప్పేదాకా నాకు తెలియదు. ఆ రోజు ఉద్యమం కరపత్రాలు జిరాక్స్ తీయించడానికి వెళ్లాను.

"అక్కా, మా తండా పేజీ మాయమైంది. ఎర్రకుంట అని కొడితే వేరే ఊరు వస్తాంది. గిట్ల ఎవలు చేస్తరక్కా?"

నేనేనని చెప్పడానికి ఒక్క మాట చాలు. పేజీని వెనక్కి తేవడానికి ఒక్క మీట చాలు, పాత ప్రతులన్నీ అందులో భద్రంగానే ఉంటాయి.

"ఇంకెవలు తమ్మీ, ఆంధ్రోళ్లే," అన్నాను. "మన ఊర్లంటే వాళ్లకు లెక్కనా?"

ఆ రోజుల్లో ఆ మాటకు ఎవరూ సాక్ష్యం అడగరు. అందుకే అన్నాను. "కలిపేముందు రాసినవాళ్లను ఒక్క మాట అడగండమ్మా" అని ఆ విజ్ఞాన సర్వస్వంలో నన్ను హెచ్చరించిన ఒకే ఒక్కాయనది కోస్తా. ఆ సంగతి అప్పుడు కూడా నాకు గుర్తుంది.

బాలు మిషన్‌లోంచి కరపత్రాలు తీసి దొంతి పెట్టాడు. "అయితే ఇగ రాసుడెందుకక్కా? మనం రాసుడు, వాళ్లు తీసుడు. ఇగ చాలని అవ్వకు చెప్త."

ఆపొద్దురా అనాలి కదా? అనలేదు. తేలు కుట్టిన దొంగలా కరపత్రాలు తీసుకుని వచ్చేశాను. పేజీ వెనక్కి తెస్తే, తీసిందెవరో, తెచ్చిందెవరో అని ఆరా తీస్తాడు. మారుపేరే అయినా దొరికిపోతానేమోనని భయం. రేపు చూద్దాం, రేపు చూద్దాం అనుకుంటూ ఏళ్లు గడిపాను. జిరాక్స్‌కు వేరే షాపుకు పోవడం మొదలుపెట్టాను. ఛీ, నా బతుకు!

రాష్ట్రం వచ్చిన రోజు బాలు ఎదురుపడ్డాడు. షాపు మూసేసి భూపాలపల్లిలో బొగ్గు గని దగ్గర కాంట్రాక్టు పనిలో చేరాడట. నా చేతిలో లడ్డూ పెట్టి, "ఇగ మన పేజీలు ఎవలు తీస్తరక్కా!" అని నవ్వాడు. నోటుబుక్కు ఉందా అని అడిగాను. నాయనమ్మ పోయిందట. రాయడం మానేశాక ఆమె చెప్పబోయినా తను కూర్చుని వినలేదట. కథ సగమే ఉందట. మిగతా సగం తెలిసినవాళ్లు తండాలో ఇంకెవరూ లేరట.

ఆ సాయంత్రమే పేజీ వెనక్కి తెచ్చాను. ఎర్రకుంట అని కొడితే ఇప్పుడు రెండు ఊళ్లూ కనిపిస్తాయి. తండా పేజీ "కరువొచ్చిన ఏడు మా ముత్తాత ఎడ్లను తోలుకొని" అన్న దగ్గర ఆగిపోయి ఉంది. గిరాకీ ఎవరో వచ్చి ఉంటారు. కింద మాత్రం, ఈ వ్యాసాన్ని ఎవరైనా పూర్తిచేయవచ్చు అని ఉంటుంది. ఎవరు చేస్తారు? నేనా? ఆ ఎడ్లు ఎటు పోయాయో నాకేం తెలుసు?

పండుగలకు బాలు ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. బాగున్నవా అక్కా అంటాడు. ప్రతిసారీ గొంతు దాకా వస్తుంది. బాగున్న తమ్మీ అని పెట్టేస్తాను. అతనికి చెప్పలేని మాట మీ ముందైనా ఒక్కసారి పైకి అననివ్వండి.

తీసింది ఆంధ్రోళ్లు కాదు తమ్మీ. నేనే.