ఎర్ర సిరాతో రాసిన మాట

మా మాస్టారు పోయిన వారానికే, సమాధి మట్టి ఇంకా ఆరకముందే, ఆయన రాసిన ఒక్క మాటను కాలుష్య నియంత్రణ ఆఫీసు వాళ్లు తీసేశారు. ఆ మాట లేకపోవడంతో మా వైపు గాలిలో పాదరసం ఏటేటా తగ్గుతోందని రిపోర్టు వచ్చింది. అది అబద్ధం. దానికి మొదటి కారణం నేనే కాబట్టి నేనే చెప్తున్నాను.

గురజాల శివార్లలో ఒక మేడ. దాని మీద చిన్న పంపు, పంపుకి గాజు గొట్టం, గొట్టంలో బంగారు పూత పూసిన ఇసుక. బొగ్గు కాల్చిన చోటల్లా కంటికి కనపడని పాదరసం గాలిలోకి లేస్తుంది. బంగారం తగిలితే అంటుకుపోతుంది. వారానికో గొట్టం మార్చి, పరీక్షకు పంపి, వచ్చిన అంకెను పుస్తకంలో ఎక్కించేవారు మాస్టారు. రిటైరయ్యాక పదకొండేళ్లు ఆ ఆఫీసు కోసం అదే పని. వేలికి ఉంగరం కూడా లేని మనిషి గాలికి బంగారం పెట్టారు.

నేను కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టేవాణ్ని. పంపు బాగు చేయడానికి వెళ్లి, ఆయన దగ్గరే ఉండిపోయాను. కొలతలు మొదలైన మొదటి ఏడాదే పంపు పక్కన పాదరసం థర్మామీటర్ పగలగొట్టాను. గాజుముక్కలు ఏరేసి నోరు మూసుకున్నాను. అంకెలు ఎగిరిపడ్డాయి. రెండు నెలలు తల పట్టుకున్న మాస్టారు చివరికి మోకాళ్ల మీద మేడంతా వెతికి, పగులులో మెరుస్తున్న చుక్కను చూశారు.

“ఏందిరా ఇది?”

“జారింది సార్.”

“నువ్వు చెప్పకపోతే ఏందిలే, గాలి చాడీలు చెప్పింది.”

“ఆ అంకెలు కొట్టేస్తే పోద్దిగా సార్?”

“ఇయ్యాల నీ కోసం కొట్టేస్తే రేపు ఇంకెవడి కోసమో కొట్టేయాల. ఉండనీ. పక్కన రాసి పెడదాం.”

ఎర్ర సిరాతో రాశారు: ‘ఈ రెండు నెలలు గాలివి కావు, మావి. గ్రాఫు గీతలో కలపవద్దు.’

ఏటా చలికాలం పొద్దున్నే, మంచులో మాచర్ల రోడ్డు కరిగిపోయి ఉన్నప్పుడు, పిట్టగోడ మీద వారానికో చుక్క పెట్టిన గ్రాఫు కాగితాలు పరిచేవారు. “చలికాలాన్ని చలికాలంతోనే పోల్చరా. కొత్తకోడల్ని అత్తతో పోలిస్తే కొంప మునుగుద్ది,” అనేవారు. నాలుగడుగులు వెనక్కి జరిగి కళ్లు సగం మూసేవారు. “ఇట్టా చూడు. వారాలు మాయమై ఏళ్లు కనపడతయ్.” నేనూ మూసేవాణ్ని. చుక్కలన్నీ మంచులో కలిసిపోయి, ఒక సన్నటి గీత నిద్రలో నడుస్తున్నట్టు మెల్లగా పైకి పోయేది.

ఆఫీసు వాళ్లు అంకెలు మాత్రమే ఎక్కించుకున్నారు. నా థర్మామీటర్ మొదటి ఏడాదిని కొండను చేసింది. కొండ మీద మొదలైన గీత కిందికి దిగక ఏం చేస్తుంది? ఎలాగూ తగ్గుతోంది కదా అని నెలాఖరుకు పంపు ఆపేస్తారట. ఫోన్ చేస్తే, “మా ఫార్మాట్‌లో రిమార్కులకు గడి లేదు బాబూ,” అన్నారు. పదకొండేళ్లు మేడ మెట్లెక్కిన మనిషి మాటకు ఒక గడి లేదు.

ఆ ఆఫీసు వాళ్లకే చెప్తున్నాను. వచ్చే ఆదివారం మాస్టారి జ్ఞాపకార్థ కూడిక. శనివారం సాయంత్రంలోగా ఎర్ర సిరా మాట రిపోర్టులో పెట్టి, గీత మళ్లీ గీసి, నాకు జవాబు రాయండి. థర్మామీటర్ పగలగొట్టింది నేనని కావాలంటే నా పేరే వేసుకోండి. పంపు మాత్రం ఆపనివ్వను.

ఈ పొద్దున గొట్టం మార్చి, పిట్టగోడ దగ్గర నిలబడి కళ్లు సగం మూశాను. మంచులో, నాలుగడుగుల వెనక, ఎవరో కాగితం సర్దిన చప్పుడు.