దారులన్నీ ఒప్పజెప్పించుకున్న వకీలమ్మగారు

నేటి సాయంకాలం మా వీధి చివరనున్న చర్చిలో వకీలమ్మగారి జ్ఞాపకార్థ కూడిక జరిగింది. మా ఆచారం గతించినవారికి తిలోదకాలు విధించింది. వారి ఆచారం స్తుతిగీతాలు విధించింది. రెండింటి తాత్పర్యమూ ఒక్కటేనని నా నమ్మిక: పొందిన మేలును బ్రతికి ఉన్నవారు నలుగురి ఎదుట నోరు తెరచి చెప్పుకోవడం. ఆ చెప్పుకోవడంలో నా వంతు ఈ నాలుగు మాటలు.

గత వారం సంధ్యావందనం ముగించి లేచేసరికి ఆమె గుమాస్తా మా గేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"సార్, మేడమ్ పోయిన్రు. పొద్దుగాల చాయ్ పట్టుకపోయి లేపిన, లేవలే" అన్నాడు. ఆ వెంటనే, "ఇయ్యాల పదకొండింటికి ఒకామెను రమ్మన్నరు. జెర ఆలోచన చెప్పున్రి సార్, ఆమెకు నేనేం చెప్పాలె?" అని అడిగాడు. దుఃఖంలోనూ అతనికి ముందు గుర్తుకొచ్చింది ఆ రావలసిన మనిషి. ఆ ఇంటి శిక్షణ అటువంటిది.

మారేడుపల్లిలో మా ఇంటికి ఎదురిల్లు ఆమెది. గుంటూరు ప్రాంతపు మిషను బడిలో పంతులుగారి బిడ్డ. న్యాయశాస్త్రం చదివి సికింద్రాబాదులో స్థిరపడ్డారు. శనివారాలు కోర్టు నుండి తిన్నగా మోండా మార్కెట్‌కు వెళ్లి, నల్లకోటు మడిచి సంచి అడుగున పెట్టి, దానిపై వంకాయలు పోయించుకుని వచ్చేవారు. "కోటు నలిగితే ఇస్త్రీ ఉంది మాస్టారూ, వంకాయ నలిగితే ఏముంది?" అని నవ్వేవారు.

ఆమె వద్దకు వచ్చేవారిలో ఎక్కువమంది కాపురం చెడినవారు. ఎందుకు చెడిందని ఆమె ముందుగా అడిగేవారు కారు. "రేపు పొద్దున ఎక్కడ నిద్ర లేస్తావమ్మా?" అన్నది మొదటి ప్రశ్న. ఆ తరువాత, చట్టంలో ఉన్న దారులన్నీ ఒకటొకటిగా వివరించి, విన్నవారి చేత తిరిగి చెప్పించుకునేవారు. ఒప్పజెప్పనిదే వకాలతు మీద సంతకం పెట్టనిచ్చేవారు కారు. "సండే స్కూల్లో కంఠతవాక్యం ఒప్పజెప్పనిదే మా నాన్న ఇంటికి పంపేవారు కాదు. నాకు ఆ ఒక్క పద్ధతే వచ్చు" అనేవారు. బాల్యంలో నేను చదువుకున్నదీ సంత పద్ధతిలోనే. గురువుగారు ఒకసారి పలికితే మేము రెండుసార్లు పలికేవాళ్లం. రెండు మతాల బిడ్డలం ఒకే రకపు బడిలో చదివామని ఆనాడు నాకు తోచింది.

ఆ బడి విలువ మా అక్క కూతురి విషయంలో తెలిసింది.

మా మేనకోడలు సైనిక్‌పురిలోని అత్తవారింటి నుండి చంటిబిడ్డతో పుట్టింటికి వచ్చి ఏడాది దాటింది. భార్యాభర్తలిద్దరికీ ఇక కలిసి ఉండాలని లేదు. ఉభయ పక్షాల పెద్దలూ కూర్చుని, విడాకులైనట్టు స్టాంపు కాగితం మీద వ్రాసి, ఇద్దరిచేత సంతకాలు చేయించారు. అమ్మాయికి మళ్లీ పెళ్లయిన నాడు పాపను తండ్రి ఇంటికి పంపాలన్న షరతు కూడా అందులో ఉంది. ఈలోగా కాకినాడ నుండి ఒక సంబంధం వచ్చింది. మా బావగారు ముహూర్తం పెట్టించుకోవడానికి నా దగ్గరకు వచ్చారు. నేను పంచాంగం తీస్తుండగా అమ్మాయి, "మామయ్యా, నాకు నిజంగా విడాకులు అయిపోయినట్టేనా?" అని మెల్లగా అడిగింది. పంచాంగం మూసి ముగ్గురం ఎదురింటికి వెళ్లాము.

వకీలమ్మగారు కాగితం చదివి, "మీ వంశంలో ఇలా పెద్దల సమక్షంలో విడాకులిచ్చుకునే ఆచారం పూర్వం నుంచీ ఉందా అన్నయ్యగారూ?" అని అడిగారు.

"మా వంశంలోనా! ఏడు తరాల్లో లేదు" అన్నారు బావగారు, సగర్వంగా.

"అలాంటి ఆచారం ఉంటేనే ఈ కాగితం చెల్లేది, ఆ ఒక్క ఆధారమూ పోయింది. ఈ రోజుకీ మీ అమ్మాయి ఆ అబ్బాయి భార్యే."

"అదేమిటండీ! పెద్దలం కూర్చుని ముడి వేశాం, పెద్దలమే కూర్చుని విప్పాం. మధ్యలో కోర్టెందుకు?"

మూలనుండి గుమాస్తా అందుకున్నాడు: "పెండ్లంటే కిరాయి ఇల్లనుకున్రా సార్? రాసుకున్నం, తాళంచెవి ఇచ్చినం, ఖతం!"

బావగారి ముఖం ఎర్రబడింది. "మావాడి నోటికి గడియ లేదు, ఏమీ అనుకోకండి" అన్నారామె నవ్వు ఆపుకుంటూ. మరుక్షణం ఆ నవ్వు పోయింది. "మీరు రెండో పెళ్లి చేస్తే అది చెల్లదు. పైగా నేరం. బోనులో నిలబడేది మీరు కాదు, ఈ పిల్ల. మీరు వసారాలో కాఫీ తాగుతుండండి. అమ్మాయితో మాట్లాడాలి."

అమ్మాయి కోరిక మీద నేను గదిలోనే ఉండిపోయాను. ఆమె నెమ్మదిగా చెప్పారు. కలిసి బ్రతకగలమనిపిస్తే ఇప్పటికీ రాజీకి అడ్డు లేదు. పెళ్లి తెంచుకోకుండా విడిగా ఉండడానికి కోర్టు అనుమతి పొందవచ్చు. ఇద్దరూ ఒప్పుకుంటే కలిసి అర్జీ పెట్టుకోవచ్చు. ఏడాది విడిగా ఉన్నారు కనుక అర్హత ఉంది. ఆరు నెలలాగి మళ్లీ అదే మాట చెప్పాలి, ఈలోగా ఎవరికైనా మనసు మారవచ్చు. అతడు ఒప్పుకోకపోతే కారణం రుజువు చేసి పోరాడాలి. ఏ దారిలోనైనా మనోవర్తి అడిగే హక్కు వేరుగా ఉంటుంది.

"ఏది ఎంచుకోవాలో నేను చెప్పను. ఏవేవి ఉన్నాయో నువ్వు చెప్పు."

అమ్మాయి ఒప్పజెప్పింది. తడబడింది, మళ్లీ మొదలుపెట్టింది, చివరిదాకా వచ్చింది.

"బాగుంది. పాప సంగతి నువ్వు అడగనేలేదు. మర్చిపోయావా?"

"మర్చిపోలేదు ఆంటీ. భయమేసి దాటేశాను. ఆ కాగితం మీద సంతకం పెట్టేశానుగా."

వకీలమ్మగారు కళ్లజోడు తీసి బల్లపై పెట్టారు. "ఇటు చూడు. పాపను పంచడానికి ఆ పెద్దలెవరు? పిల్ల ఎక్కడ పెరగాలన్నది కోర్టు పిల్ల మేలు చూసి తేలుస్తుంది. ఇంత పసిదాన్ని మామూలుగా తల్లి దగ్గరే ఉంచుతుంది. తండ్రికి చూసే హక్కు ఉంటుంది, దాన్ని నువ్వు కాదనకూడదు. ఇప్పుడు ఇది కూడా చెప్పు."

అమ్మాయి చెప్పింది. ఈసారి ఏడుస్తూ చెప్పింది, కానీ ఒక్క మాటా పోనివ్వలేదు.

ఆ అబ్బాయి చెడ్డవాడేమీ కాడు. వకీలమ్మగారు పిలిపించి, అతనిచేతా అంతా ఒప్పజెప్పించారు. ఇద్దరూ కలిసి అర్జీ పెట్టుకుని, గడువు తీరాక విడాకులు పొందారు. పాప తల్లి దగ్గర పెరిగింది. ఆదివారాలు తండ్రితో గడిపింది. కాకినాడవారు అంతకాలం ఆగలేమన్నారు. అమ్మాయి బడిలో ఉద్యోగం చూసుకుంది.

ఆ రోజుల్లోనే ఒకమారు వకీలమ్మగారు నాతో, "మీ అమ్మాయికున్న ఈ పరస్పర సమ్మతి దారి మా క్రైస్తవులకు ఇంకా లేదు మాస్టారూ. దంపతులిద్దరూ వచ్చి విడిపోతామన్నా, లేని దారి ఎలా చూపను?" అన్నారు. కొన్నేళ్లకు చట్టం మారింది. ఆ వార్త వచ్చిన రోజున వీధిలో ఇంటింటికీ తిరిగి బత్తాయిపళ్లు పంచారు. పండగేమిటని అడిగినవారికల్లా ఆ కొత్త చట్టం వివరించి, వారిచేత కూడా ఒప్పజెప్పించుకున్నారు! మా ఆవిడ నేటికీ తడుముకోకుండా చెప్పగలదు.

ధర్మం సూక్ష్మమని పెద్దలు చెప్పగా విన్నాను, శిష్యులకు చెప్పాను. ఆ సూక్ష్మాన్ని ఏడుస్తున్న మనిషికి అర్థమయ్యేంత తేటగా విప్పిచెప్పిన పండితురాలిని ఆ ఎదురింటిలోనే చూశాను.

ఆమె పోయిన రోజున, ఇప్పుడు యాప్రాల్‌లో ఉంటున్న మా మేనకోడలు వచ్చింది. పదకొండింటికి ఆ రావలసిన యువతి కూడా వచ్చింది. జనాన్ని చూసి విషయం గ్రహించి వెనుదిరగబోయింది. మా మేనకోడలు ఆమె చెయ్యి పట్టుకుని వసారాలోని రాతి అరుగు మీద కూర్చోబెట్టింది.

"నేను వకీలును కాదమ్మా. మంచి వకీలు దగ్గరకు రేపు తీసుకెళ్తాను. ముందు ఒకటి చెప్పు, రేపు పొద్దున ఎక్కడ నిద్ర లేస్తావు?"

లోపల స్తుతిగీతం సాగుతోంది. గుమాస్తా గుమ్మానికి ఆనుకుని కళ్లు మూసుకుని వింటున్నాడు. అరుగు మీద ఒక గొంతు మెల్లగా పలుకుతోంది, రెండవ గొంతు తడబడుతూ తిరిగి పలుకుతోంది.

ఆ అరుగు ఖాళీ కాకుండుగాక. దారి తెలియక అక్కడికి వచ్చినవారు, తెలిసిన దారిని మరొకరికి చెప్పగలిగేంత ధైర్యంతో లేచి వెళ్లుదురుగాక.