పేర్ల పుల్లలు

నా చిన్నప్పుడు మా ఇంటికి పెరడు లేదు కానీ, ఆడుకోవడానికి రాజుల నాటి తోట ఒకటి ఉండేది. జమీందార్ల రోజులు పోయాక విజయనగరంలో ఆ తోట ఊరి జనానిదైంది. మా తాతయ్య అందులో మాలీ. గేటు పక్కనున్న రెండు గదుల్లో మా కాపురం. పొద్దున్నే తాతయ్య గేటు తాళం తీసిన చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. ఎండాకాలమంతా ఆయన కావిడితో నీళ్ళు మోసేవాడు. వానలు పడగానే కంచె మొక్కలు కత్తిరించేవాడు. భాద్రపదంలో చలికాలపు పూలకి నారు పోసేవాడు. దీపావళి దాటాక ఊళ్ళోవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ పూల మధ్య తిరుగుతుంటే, వాటిని నేనే పూయించినట్టు గేటు దగ్గర నిలబడేదాన్ని.

నారు పోసేది వెడల్పాటి మట్టి మూకుళ్ళలో. తాతయ్య ఒక్కో మూకుడులో విత్తనం చల్లగానే, తోట గుమస్తాగారు ఒక వెదురు పుల్ల మీద దాని పేరు రాసి ఇచ్చేవారు. తాతయ్య ఆ పుల్లను కళ్ళ ముందు పెట్టుకుని, పెదాలు కదిపి, తల ఊపి, మూకుడులో గుచ్చేవాడు. నిజానికి ఆయనకు ఒక్క అక్షరం రాదు. ఆ సంగతి మా నాయనమ్మకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నాకు ఆరేళ్ళు వచ్చిన ఏడాది పెద్దమాలీ పని ఖాళీ అయింది. పేర్లు చదవగలిగినవాడికే ఇస్తామన్నారు. తనకు చదవడం వచ్చని తాతయ్య చెప్పేశాడు. నారు చూసి ఆ పని ఖాయం చేయడానికి ఆఫీసరుగారు సోమవారం వస్తారని కబురొచ్చింది.

శుక్రవారం గాలీ వానా కలిసి కొట్టాయి. తెల్లారి చూస్తే మూకుళ్ళ నిండా పుడకలూ ఎండు కొమ్మలూ.

"గుంటా, నారుకి తగలకండా పుల్లా పుడకా ఏరేయే" అని నాకు చెప్పి, తాతయ్య విరిగిపడిన కొమ్మలు లాగడానికి వెళ్ళాడు.

నేను ఎంత శ్రద్ధగా ఏరానంటే ఒక్క పుడక కూడా మిగల్లేదు. వెదురు పుల్లలూ మిగల్లేదు. బురద కొట్టుకుని అన్నీ ఒకేలా ఉన్నాయి. ఆరేళ్ళ పిల్లను, పుల్లలన్నీ నాకు పుల్లల్లాగే కనబడ్డాయి. ఒళ్ళో పోసుకుని తీసుకెళ్ళి నాయనమ్మకి ఇస్తే, పొయ్యిలోకి పనికొస్తాయని మెచ్చుకుంది కూడా.

తాతయ్య అంబలి తాగడానికి వచ్చి పొయ్యి ముందు కూర్చున్నాడు. సగం కాలిన వెదురు పుల్లను ఒకదాన్ని బయటికి లాగి, అటూ ఇటూ తిప్పి, నా వైపు చూశాడు.

"పుల్లలేరమంటే పేర్లేరేసినావేటే" అన్నాడు.

"ఇంకేటి, నీ తోటంతా అంబలిలో ఉడికిపోనాది. తాగు" అంది నాయనమ్మ.

తాతయ్య నవ్వాడు. నాకు ఏడుపు ముంచుకొస్తుంటే నెత్తి మీద ఒక చిన్న మొట్టికాయ వేసి మళ్ళీ నవ్వాడు. కానీ అంబలి సగమే తాగి లేచాడు.

గాలివానకి పుల్లలు పోయాయని గుమస్తాగారికి చెప్పాడు. నా పేరు ఎత్తలేదు. గుమస్తాగారు వసారాలో కూర్చుని, పుస్తకం చూసి, పదకొండు మూకుళ్ళకీ పదకొండు పుల్లల మీద పేర్లు రాసి, ఒకే కట్టగా తాతయ్య చేతిలో పెట్టి, గుచ్చేసి రమ్మన్నారు. ఎప్పుడూ ఒక్కొక్కటే ఇచ్చే మనిషి.

ఆ కట్ట పట్టుకుని తాతయ్య మూకుళ్ళ దగ్గరికి నడిచాడు. నేను వెనకాలే వెళ్ళాను. ఆయన ఒక్కో మూకుడు దగ్గరా వంగి, ఆకు చివర నలిపి వాసన చూసి, "ఇది సీతజడ, కాడ ఎరుపు సూడు. ఇది జినియా, ఆకు గరుగ్గా ఉన్నాది" అని నాకు చెబుతున్నాడు. రెండేసి ఆకులున్న మొక్కలు కూడా ఆయనకి తెలుసు. చేతిలోని పుల్లల్లో ఏది దేనిదో మాత్రం తెలియదు.

"ఏదోటి గుచ్చేయి తాతా. ఆఫీసరుకి తెలస్తాదేటి" అన్నాను.

తాతయ్య ఒక పుల్ల తీసి గుచ్చబోయి ఆగాడు. నేను చెప్పినట్టు చేస్తే సోమవారం గడిచిపోతుంది. కానీ తర్వాత ఆ పుల్లల మీది పేర్లు చదివే ఏది ఏ మడిలో నాటాలో గుమస్తాగారు చెబుతారు. ఎత్తుగా పెరిగేది ముందుకి, పొట్టిది వెనక్కి పడితే చలికాలానికి తోటంతా తారుమారవుతుంది.

"ఆఫీసరుకి తెలీదే. మొక్కకి తెలస్తాది" అని వెనక్కి తిరిగాడు.

గుమస్తాగారి ముందు ఆ కట్ట పెట్టి, తల దించకుండా చెప్పాడు. "నాకు సదువు రాదు బాబూ. వచ్చని అబద్ధం ఆడినాను. మొక్క పేరు నాను సెప్తాను, పుల్ల పేరు మీరు సెప్పండి."

గుమస్తాగారు కట్ట వైపూ తాతయ్య వైపూ చూశారు. నేను తాతయ్య పంచె పట్టుకుని నిలబడ్డాను. మా రెండు గదులూ, మా గేటూ, అన్నీ ఆయన నోటి మాట మీదే ఉన్నాయని నాకు తెలుసు. చివరికి ఆయన కలం పక్కన పెట్టారు.

"నీకో సంగతి చెప్పనా? ఇన్నేళ్ళుగా గింజల పొట్లం మీదది చూసి రాస్తున్నాను. పువ్వు పూస్తే గానీ ఏది ఏదో నాకూ తెలియదయ్యా" అని, పంచె పైకి దోపి బురదలోకి దిగారు.

ఇద్దరూ మూకుడు మూకుడుకీ ఆగుతూ నడిచారు. గుమస్తాగారు తనూ ఒక ఆకు నలిపి, కళ్ళు మూసుకుని వాసన చూసి, "అబ్బ, ఇది బలే ఉందయ్యా, ఏమిటిది" అన్నారు.

"అది కలుపు, బాబూ" అన్నాడు తాతయ్య. ఇద్దరూ పగలబడి నవ్వారు.

చివరి రెండు మూకుళ్ళలోనూ బంతి నారే. ఏది పెద్ద బంతో, ఏది చిన్న బంతో తాతయ్యకి కూడా అంతుపట్టలేదు. ఇంకో రెండాకులు వస్తే గానీ చెప్పలేనన్నాడు. గుమస్తాగారు మరో రెండు పుల్లలు తీసుకుని, వాటి మీద 'ఇంకా తెలియదు' అని రాసి, చదివి వినిపించి గుచ్చారు.

సోమవారం ఆఫీసరుగారు సరిగ్గా వాటి దగ్గరే ఆగారు. ఇదేం పేరని అడిగారు. రాసింది తానేననీ, రాయించింది తాతయ్యేననీ గుమస్తాగారు చెప్పారు. తాతయ్య మిగతాది కూడా దాచకుండా చెప్పేశాడు, చదువు రాదన్న సంగతితో సహా. ఆఫీసరుగారు ఆ పుల్లను మళ్ళీ చదివి, "సరే, ఆకులు వచ్చాక చెప్పు" అని వెళ్ళిపోయారు. ఆకులు వచ్చాయి, తాతయ్య చెప్పాడు. చలికాలంలో పొట్టి బంతి ముందూ, పొడుగు బంతి వెనకా వరసగా నిలబడి పూశాయి. పెద్దమాలీ పని ఖాయమైన కాగితం ఆ పూల మధ్యే గుమస్తాగారు చదివి వినిపిస్తే, నాయనమ్మ ఆయన్ని కూర్చోబెట్టి అంబలి పోసింది.

నాకు అక్షరాలు వచ్చేసరికి జుట్టు నెరిసింది. మా వీధిలో పెద్దవాళ్ళకి ఒక పంతులమ్మ చదువు చెప్పడం మొదలుపెట్టిన రోజు, ఆడవాళ్ళందరూ పలకల మీద కొంగు కప్పుకుని కూర్చున్నారు. నేను మాత్రం నా పలకను పంతులమ్మ వైపు తిప్పి, "నాకేటీ రాదమ్మా, సెప్పు" అన్నాను. అది ఎలా అనాలో నాకు ఆరేళ్ళప్పుడే తెలుసు. ఇప్పటికీ బస్సు దగ్గరా, ఆసుపత్రిలోనూ, మనవరాలి ఫోను చేతికిచ్చినప్పుడూ అదే మాట అంటాను. అన్న ప్రతిసారీ ఎవరో ఒకరు చేతిలో పని పక్కన పెట్టి, నాతో నాలుగడుగులు నడిచారు.