అడ్డగీతల తుంగ

నంద్యాలలోని ఒక కాలేజీలో బాలస్వామి ఇరవై ఆరేళ్లుగా బోటనీ ల్యాబ్ అటెండరు. ఎండబెట్టిన మొక్కలను అట్టలకు కుట్టి బీరువాల్లో సర్దడం ఆయన పని.

పోయిన డిసెంబరులో లెక్చరర్ జ్యోత్స్న ఆళ్లగడ్డ దగ్గర కాలువ గట్టున తుంగ కోసుకొచ్చి, మామూలు తుంగేనని చీటీ రాయబోయింది. బాలస్వామి దాని గింజను భూతద్దం కింద పెట్టి చూశాడు.

"ఇది అది కాదు మేడమ్. మామూలుదాని గింజ నున్నగుంటాది. దీనికి అడ్డగీతలుండాయి, సూడండి."

ఆమె చూసింది. పుస్తకం తిరగేసింది. అడ్డగీతల తుంగ కోస్తాలోనే ఉంటుందని అందులో ఉంది.

"ఒక్క మొక్కను చూసి పుస్తకాన్ని కాదనలేం, బాలస్వామన్నా."

"అయితే పోయి సూద్దాం పాండి."

మరునాడు ఇద్దరూ బస్సెక్కారు. మోకాలి లోతు బురదలో మధ్యాహ్నం దాకా తిరిగారు. రెండు రకాలూ ఒకే ఎత్తున, ఒకే రంగులో కలిసి పెరుగుతున్నాయి. గింజ ఒలిస్తే తప్ప తేడా తెలియడం లేదు.

తిరిగొచ్చాక బాలస్వామి బీరువాలోని పాత తుంగ అట్టలన్నీ దించాడు. పదకొండింట్లో నాలుగు అడ్డగీతలవే. వాటిలో ఒకటి నంద్యాల శివార్లలో పంతొమ్మిదేళ్ల కిందట తనే కోసుకొచ్చింది. ఇన్నేళ్లూ తప్పు పేరుతో తన దగ్గరే ఉండిపోయిందని ఆయన మనసు చివుక్కుమంది. పాత చీటీలను చింపకుండా వాటి పక్కనే కొత్తవి అంటించాడు.

వేసవికి జ్యోత్స్న వ్యాసం అచ్చయింది. ఆ తుంగ దొరికే చోట్ల పటంలో నంద్యాల, ఆళ్లగడ్డ చేరాయి. గుర్తుపట్టినవారిగా బాలస్వామి పేరుంది. ఆయన రెండుసార్లు చదువుకుని, పత్రికను మడిచి పక్కన పెట్టాడు.

"మేడమ్, ఇంక జమ్ముగడ్డి బీరువా తెరుద్దామా?"